అత్త సొమ్ము, అల్లుడి కార్డు

బజారు నుంచి సరుకులు తెచ్చినవాళ్లని "చీటీ ఏదీ? మిగిలిన చిల్లరేదీ?" అని అడగని ఇల్లాలుంటుందా? అది అనుమానం కాదు, సంసారం. ఈపాటి సంగతి అమెరికా ప్రభుత్వానికి బోధపడటానికి 2012లో ఏకంగా ఒక చట్టమే కావలసి వచ్చింది!

అక్కడ 1998 నుంచి స్మార్ట్‌పే అనే పథకం కింద లక్షలమంది ప్రభుత్వోద్యోగులకి కార్డులిస్తున్నారు. ఆఫీసు సామాను కొనాలన్నా, పనిమీద ఊరెళ్లాలన్నా ఫైళ్లు కదిలేదాకా కూర్చోనక్కర్లేదు. బాగానే ఉంది. కాని 2008లో గవర్నమెంట్ అకౌంటబిలిటీ ఆఫీసు వారు 2005-06 నాటి కొనుగోళ్లు తిరగేస్తే ఏం తేలిందో తెలుసా? నూటికి 41కి సరైన అనుమతి అన్నా లేదు, సరుకు అందిందని రెండో మనిషి సాక్ష్యమన్నా లేదు!

ఒక పోస్టుమాస్టరుగారు స్నేహాలు కుదిర్చే వెబ్‌సైట్లకి వెయ్యి డాలర్లు పైగా ఆ కార్డుమీదే చెల్లించారు. అటవీశాఖలో ఒకావిడ, కార్డు ఖాతాతోపాటు ఇచ్చే చెక్కులు తనతో కాపరం చేస్తున్న స్నేహితుడి పేర రాసి, ఆరేళ్లలో 6,42,000 డాలర్లు దాటించింది. అత్త సొమ్ము అల్లుడు దానం చేయటమంటే ఇదే మరి!

ఇలాంటివి వినగానే "ఆ కార్డులన్నీ లాగేసుకుంటే సరి" అంటారు కొందరు. 2025 ఫిబ్రవరిలో దాదాపు ఆ పనే చేశారు. విపత్తు సాయం వంటివి మినహాయించి, ఉద్యోగుల కార్డులు 30 రోజులపాటు స్తంభింపజేయమని ఉత్తర్వు వచ్చింది. ఎలకలున్నాయని ఇంటికి నిప్పు పెట్టుకుంటామా? దొంగతో పాటు, నిజంగా ఆఫీసుకి సామాను కొనవలసినవాడి చేతులూ కట్టేస్తే ఎవరికి లాభం?

నా కోపం కార్డుమీద కాదు. చూడకుండా సంతకం పెట్టే పెద్దమనిషి మీద. ఆరేళ్లపాటు ఒక్కడంటే ఒక్కడు "ఈ చెక్కు ఎవరికమ్మా?" అని అడిగి ఉంటే? 2012 చట్టం చెప్పేదీ అదే. కొన్నవాడు ఒకడు, ఒప్పుకునేవాడు మరొకడు ఉండాలి. రసీదులు బిల్లుతో సరిచూడాలి. ఉద్యోగం మానేసినవాడి కార్డు వెంటనే రద్దు చేయాలి. తప్పు చేస్తే ఉద్యోగం ఊడాలి. ఇందులో మనకి తెలియనిది ఒక్కటైనా ఉందా?

"ప్రతిదానికీ లెక్కడిగితే నమ్మకం ఏమైనట్టు?" అంటారు. నమ్మకం ఉన్నచోటే లెక్క కావాలండీ! లెక్క చూపించగలిగినవాడే తలెత్తుకు తిరుగుతాడు.

అమెరికా గొడవ మనకెందుకంటారా? అక్కడ ఉద్యోగాలు చేస్తున్న మన పిల్లల జీతాల్లో కోసిన పన్నూ ఆ సొమ్ములో ఉంది. అది సరే, ఇక్కడ మాత్రం? ఆఫీసు జీపులో పేరంటాలకి వెళ్లేదీ, ఆఫీసు కాగితాలు పిల్లల నోటుపుస్తకాలుగా కుట్టించేదీ ఎవరు? ఆయన తెచ్చారు, మనం పుచ్చుకున్నాం అంటే చెల్లదు. ఆ స్నేహితుడూ అలాగే పుచ్చుకున్నాడు.

కందిపప్పుకి చీటీ అడిగే నోటితోనే "ఇది ఎవరి సొమ్మండీ?" అని కూడా అడుగుదాం. ఏ తనిఖీ అధికారి కంటే ముందు ఆ సంచీ విప్పేది మనమే కదా!