సంఘము మనదా, మన పేరిటిదా?



ఉత్పత్తిదారుల సంఘమునకు వాటాధనము కట్టి రశీదు దాచుకొన్నవారు నేడు అనేక గ్రామములలో ఉన్నారు. ఆ సంఘము కిందటి యేడు ఎన్ని బస్తాల కందులు కొన్నదో, ఏ ధరకు అమ్మినదో చెప్పగలవారు మాత్రము అరుదు.

10,000 సంఘములు ఏర్పరచవలెనని కేంద్ర ప్రభుత్వము 2020లో పథకము ప్రారంభించినది. మైదాన ప్రాంతములలో సంఘమునకు కనీసము 300 మంది సభ్యులుండవలెను. సభ్యుని వాటాకు సమానముగా తలకు రూ. 2,000 వరకు గ్రాంటు, మూడేండ్ల నిర్వహణకు రూ. 18 లక్షల వరకు సాయము నిర్ణయించిరి. మంచిదే. ఆ మూడేండ్లు గడచిన పిమ్మట మేనేజరు జీతము ఎక్కడనుండి వచ్చును? మీరు తెచ్చి తూచిన సరుకునుండియే రావలెను. సభ్యుల సంఖ్య నిండినదని సంతోషించుట కచేరీలకు అలవాటు; దానితో మీకు పని లేదు.

చట్టము రైతు పక్షముననే యున్నది. 2002లో కంపెనీల చట్టమును సవరించి ఉత్పత్తిదారుల కంపెనీలకు చోటు కల్పించిరి. రైతులే సభ్యులైనచోట పది వాటాలున్నను, నూరు వాటాలున్నను ఓటు ఒక్కటే. మిగులును బోనసుగా పంచునపుడు, సంఘముతో ఎవరెంత వ్యాపారము చేసిరో దానిని బట్టియే పంచవలెను.

కోతనాడు దళారి కల్లము వద్దకే వచ్చి, క్వింటాలుకు రూ. 50 ఎక్కువ యిత్తుననును. సంఘము నెలరోజులు తిప్పునెడల రైతు అతనికే తూచును, తప్పు పట్టలేము. కూలీల డబ్బు ఆగదు గదా! కావున సరుకు దిగిన నాడే సంఘము కొంత పైకమైనను చేతిలో పెట్టవలెను. రైతు కూడ మేలి సరుకు దళారికి, తాలు సంఘమునకు తోలరాదు.

తెలంగాణలోని ముల్కనూరులో 1956లో నెలకొల్పిన సహకార సంఘము నేటికిని నిలిచియున్నది. అప్పు, ఎరువులు, ధాన్యము కొనుగోలు ఒక్కచోటనే దొరకుటచే సభ్యుడు బయటివారి గడప తొక్కవలసిన అవసరము తగ్గినది. అక్కడి మహిళలు 2002లో సొంత పాల డెయిరీ ఏర్పరచుకొనిరి.

రసాయనములు వాడక పండించువారికి నిజాయితీయే పెట్టుబడి. వారి కందులకు, మామూలు కందులకు కంటికి భేదము కనబడదు. పి.జి.ఎస్. పద్ధతిలో కనీసము ఐదుగురు రైతులు జట్టుకట్టి, ఒకరి పొలము నొకరు తనిఖీ చేసి సంతకము చేయుదురు. పొరుగువాడు మందు కొట్టెనని తెలిసియు మొగమాటమున సంతకము చేసినచో, ముందు మోసపోవునది కొనువాడు. పిమ్మట ధర పోగొట్టుకొనునది ఐదుగురును.

గ్రామాధికారులకు ఒక మనవి. వార్షిక సమావేశమును నాట్ల రోజులలో పెట్టింపకుడు. దానికి వారము ముందే ఒక సాయంకాలము బడివద్ద కొనుగోలు పుస్తకమును, జమాఖర్చులను పెద్దగా చదివింపుడు. చదువురాని సభ్యురాలు కూడ తన పేరిట ఎన్ని బస్తాలు వ్రాసిరో వినవలెను.