రూల్స్ రాసే గదిలో మీకూ ఒక కుర్చీ ఉంది

2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు తెలంగాణ ప్రభుత్వానికి ఒక ఆదేశమిచ్చింది. అంతకుముందు కొన్నేళ్లలో రద్దయిన సుమారు 19 లక్షల రేషన్ కార్డులను క్షేత్రస్థాయిలో మళ్లీ పరిశీలించాలన్నది దాని సారాంశం. నోటీసివ్వకుండా, ఇంటికెళ్లి విచారించకుండా, కంప్యూటర్ తేల్చినదాన్ని బట్టి కార్డులు తీసేశారన్నది పిటిషనర్ వాదన.

ఈ కేసును టెక్నాలజీ కోణంలో ఒక్కసారి ఆలోచించండి. ‘డేటాబేస్ అనర్హులని చూపించిన పేర్లను ఎవరూ వెళ్లి చూడకుండానే తొలగించొచ్చా? పొరపాటు జరిగితే ఆ కుటుంబం ఎవరికి మొరపెట్టుకోవాలి?’ నిర్ణయం జరిగే గదిలో ఈ రెండు ప్రశ్నలు అడిగే మనిషి ఉండాలి. కోడ్ ఏం చేస్తుందో, చట్టం ఏం చెబుతుందో, రేషన్ షాపు ముందు క్యూలో ఏం జరుగుతుందో ఆ మనిషికి తెలిసుండాలి. ఆ ఉద్యోగానికి పేరుంది: టెక్నాలజీ పాలసీ స్పెషలిస్ట్.

ఫైనలియర్‌లో ఉన్న మీ ముందు ఇప్పుడు రెండు మూడు దారులే కనిపిస్తుంటాయి. క్యాంపస్ ప్లేస్‌మెంట్, గ్రూప్స్ కోచింగ్, లేదంటే బ్యాంకు పరీక్షలు. ఈ దారి గురించి చెప్పేవాళ్లు తక్కువ. అందుకే ఈ వారం దీని గురించి మాట్లాడుకుందాం.

ఇంతకీ పనేంటి?

ఒక ఉదాహరణ చూడండి. 2015లో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ ఇంటర్నెట్ సేవల మీద ఒక సంప్రదింపు పత్రం విడుదల చేసింది. కొన్ని వెబ్‌సైట్లు ఉచితం, మిగతావాటికి డబ్బు అనే పద్ధతిని అనుమతించాలా వద్దా అని దేశమంతా చర్చ నడిచింది. పది లక్షలకు పైగా ఈమెయిళ్లు వెళ్లాయి. చివరికి 2016 ఫిబ్రవరి 8న ట్రాయ్ నిబంధన తెచ్చింది: చూసే కంటెంట్‌ను బట్టి డేటా ధర మార్చకూడదు. ఫేస్‌బుక్ తెచ్చిన ఫ్రీ బేసిక్స్ మన దేశంలో ఆగిపోయింది దాంతోనే.

ఆ ఈమెయిళ్ల వెనుక జనం ఉన్నారు, సరే. కానీ ప్రశ్నలను పత్రంగా కూర్చడం, వచ్చిన అభిప్రాయాలను చదివి వర్గీకరించడం, ఇతర దేశాలు ఏం చేశాయో పోల్చడం, కోర్టులో నిలబడేలా నిబంధన ముసాయిదా రాయడం లాంటి పనులన్నీ ఎవరో ఒకరు కూర్చుని చేయాల్సిందే. ఎలక్ట్రానిక్స్, ఐటీ మంత్రిత్వ శాఖ, టెలికాం శాఖ, ట్రాయ్, ఉడాయ్, సెర్ట్-ఇన్, నీతి ఆయోగ్, రాష్ట్రాల ఐటీ శాఖలు... ఇవన్నీ ఇలాంటి పనులు జరిగే చోట్లే.

తెలుగు తెలిసినవాళ్లకు ఇక్కడ పనుంది

పాలసీ అంటే ఢిల్లీ ఇంగ్లిష్ అనుకునేవాళ్లు చాలామంది. అందులో సగమే నిజం. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టాన్నే తీసుకోండి. మీ డేటా వాడుకోవడానికి సమ్మతి అడిగే కంపెనీ, ఆ అభ్యర్థనను ఇంగ్లిష్‌లో గానీ, రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్‌లోని ఏ భాషలో గానీ చదువుకునే వీలు కల్పించాలి. అందులో తెలుగూ ఉంది. నియమాలు 2025 నవంబరులో నోటిఫై అయ్యాయి. ప్రధాన బాధ్యతలకు 18 నెలల గడువిచ్చారు. ఉల్లంఘిస్తే జరిమానా రూ.250 కోట్ల దాకా ఉండొచ్చు. మరి ఆ సమ్మతి పత్రాన్ని మీ అమ్మమ్మకు అర్థమయ్యే తెలుగులో ఎవరు రాస్తారు? రాసింది సరిగ్గా ఉందో లేదో ఎవరు చూస్తారు? అనువాద సాఫ్ట్‌వేర్‌కు వదిలేస్తే ఎలా ఉంటుందో మీకు తెలుసు.

ఇంకో సంగతి. వెబ్ చిరునామా చివర తెలుగు లిపిలోనే ‘.భారత్’ అని పెట్టుకోవచ్చు. అయితే కొన్ని తెలుగు, కన్నడ అక్షరాలు చూడ్డానికి ఒకేలా ఉంటాయి. ఒక బ్యాంకు పేరును తెలుగు అక్షరాల్లో ఒకరు, అచ్చం అలాగే కనిపించే కన్నడ అక్షరాల్లో మరొకరు నమోదు చేసుకుంటే మోసపోయేది ఖాతాదారే. అందుకే ఏ అక్షరాన్ని దేనికి సమానంగా చూడాలో నియమాలు రాయాల్సి వచ్చింది. ప్రపంచ డొమైన్ పేర్ల వ్యవస్థను సమన్వయం చేసే ఐకాన్ సంస్థ ఇలాంటి విషయాలు చూస్తుంది. 2016 నవంబరులో ఆ సంస్థ అంతర్జాతీయ సమావేశం జరిగింది మన హైదరాబాద్‌లోనే. యువత కోసం ఐకాన్ నెక్స్ట్‌జెన్, ఫెలోషిప్ కార్యక్రమాలు కూడా నడిపింది.

దారి ఎటు?

దీనికి ఒకే పరీక్ష, ఒకే నోటిఫికేషన్ లేవు. ఉన్న దారులు ఇవి.

ఎలక్ట్రానిక్స్ ఇంజినీరింగ్ చదివినవాళ్లకు యూపీఎస్సీ ఇంజినీరింగ్ సర్వీసెస్ ద్వారా ఇండియన్ టెలికాం సర్వీస్ ఉంది. ఈ అధికారులు టెలికాం శాఖలో పనిచేస్తారు, ట్రాయ్‌కీ వెళ్తుంటారు. ఇది శాశ్వత ఉద్యోగం.

ఏ డిగ్రీ అయినా, వయసు 25 ఏళ్లలోపు ఉంటే పీఆర్‌ఎస్ సంస్థ నడిపే ల్యాంప్ ఫెలోషిప్‌ను చూడండి. దాదాపు ఏడాది పాటు ఒక ఎంపీకి పరిశోధన సహాయకులుగా ఉంటారు. బిల్లులు చదవడం, ప్రశ్నలు తయారుచేయడం అక్కడ అలవాటవుతుంది.

లా విద్యార్థులకు హైదరాబాద్‌లోని నల్సార్ లాంటి చోట్ల టెక్నాలజీ చట్టాలు చదువుకునే వీలుంది. ఉద్యోగం చేస్తూ చదవాలనుకుంటే బెంగళూరులోని తక్షశిల సంస్థ ఆన్‌లైన్ పాలసీ కోర్సులున్నాయి. మంత్రిత్వ శాఖలు, నీతి ఆయోగ్ అప్పుడప్పుడు ఇంటర్న్‌లను, యంగ్ ప్రొఫెషనల్స్‌ను తీసుకుంటాయి. ఆ ప్రకటనలు వాటి వెబ్‌సైట్లలోనే వస్తాయి, కోచింగ్ సెంటర్ వాట్సాప్ గ్రూపుల్లో కాదు.

ముందే తెలిసుండాల్సినవి

తీపి మాటలు చెప్పి పంపించడం మాకిష్టం లేదు. యంగ్ ప్రొఫెషనల్, కన్సల్టెంట్ పోస్టులు కాంట్రాక్టువి. గడువు ముగిశాక పొడిగిస్తారో లేదో చెప్పలేం. ఎక్కువ అవకాశాలు ఢిల్లీలో ఉంటాయి. ఆ జీతంలో అక్కడి గది అద్దె పెద్ద భాగమే తింటుంది. మీరు నెలరోజులు కష్టపడి రాసిన నోట్ ఫైలులోనే ఉండిపోవచ్చు. ఇంట్లో ‘గవర్నమెంటు ఉద్యోగమేనా?’ అని అడిగితే ‘అవును, కాదు’ అని రెండూ చెప్పాల్సి వస్తుంది. విద్యారుణం కట్టాల్సిన పిల్లలు ఇవన్నీ లెక్కేసుకునే దిగాలి.

ఇది మీ సమస్య మాత్రమే కాదు. పింఛను, రేషన్, స్కాలర్‌షిప్ అన్నీ డేటాబేస్‌ల మీద నడుస్తున్నప్పుడు, ఆ డేటాబేస్‌లను ప్రశ్నించే మనిషిని ఏడాది కాంట్రాక్టు మీద పెట్టుకోవడం ఏం లెక్క? రెండు తెలుగు ప్రభుత్వాలూ ఐటీ శాఖల్లో దీనికోసం శాశ్వత పోస్టులు సృష్టించాలి. లేకపోతే పాలసీ రాసే పని చేతులు మారుతూనే ఉంటుంది, జవాబుదారీ ఎవరూ ఉండరు.

ఈ నెలలోనే మొదలుపెట్టండి

ఈ రంగంలో అడుగుపెట్టడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. ట్రాయ్ సంప్రదింపు పత్రాలకు ఎవరైనా అభిప్రాయం పంపొచ్చు. వాటిని ట్రాయ్ తన వెబ్‌సైట్‌లో పెడుతుంది. కేంద్రం 2014లో తెచ్చిన విధానం ప్రకారం బిల్లుల ముసాయిదాలను కనీసం 30 రోజులు జనం ముందుంచాలి. అవి తెరిచి చదవండి.

డేటా రక్షణ చట్టంలో ఉన్నవి 44 సెక్షన్లే. రెండు సాయంత్రాలు చాలు. తర్వాత మీ కాలేజీ ఫీజు కట్టే యాప్‌నో, హాస్టల్ హాజరు యాప్‌నో తెరిచి దాని ప్రైవసీ నోటీసు చదవండి. తెలుగులో ఉందా? ఏ డేటా తీసుకుంటోంది? వద్దనుకుంటే వెనక్కి తీసుకునే దారి చూపించిందా? రెండు పేజీలు రాసి ప్రిన్సిపల్‌కు ఇవ్వండి. ఒక కాపీ మీ దగ్గర ఉంచుకోండి. రేపు ఇంటర్వ్యూలో ‘ఏం చేశావు?’ అని అడిగినప్పుడు సర్టిఫికెట్ల కట్ట కంటే ఆ రెండు పేజీలే ఎక్కువ మాట్లాడతాయి.