నిజామ్ అంటే రాజు కాదు

నిజామ్ అనగానే మన పిల్లలకు గుర్తొచ్చేవి వజ్రాలు, ముత్యాలు, బిర్యానీ. మాదాపూర్, గచ్చిబౌలి ఆఫీసుల్లో పనిచేసే మన యువకులను ఆ మాటకు అర్థం అడిగితే ‘హైదరాబాద్ రాజు’ అనే చెబుతారు. ఈ అర్థం సరైనది కాదు. పైగా మన చరిత్రను మనం అపార్థం చేసుకోవడానికి ఇదే మూలమని మేము భావిస్తున్నాము.

‘నజ్మ్’ అనే అరబీ ధాతువుకు ముత్యాలను దారంలో గుచ్చడం, క్రమంలో పెట్టడం అని అర్థం. నాజిమ్, తంజీమ్, పెళ్లిళ్లలో మనం చేసే ఇంతెజామ్, అన్నీ అందులోంచి వచ్చినవే. ‘నిజాముల్ ముల్క్’ అంటే రాజ్యానికి క్రమం కల్పించేవాడు. ఇది పాదుషా బిరుదు కాదు, మంత్రి బిరుదు. బాగ్దాదులో నిజామియా మదరసాను స్థాపించి, 1092లో హత్యకు గురైన సల్జూకుల వజీరు ప్రపంచానికి తెలిసింది ఈ బిరుదుతోనే.

మీర్ ఖమరుద్దీన్ ఖాన్‌కు ఈ బిరుదును మొగల్ చక్రవర్తి ఫరూఖ్‌సియర్ 1713లో ఇచ్చాడు. 1725లో ముహమ్మద్ షా ‘ఆసఫ్ జాహ్’ అనే బిరుదు కూడా ఇచ్చాడు. ఆసఫ్ ఎవరు? హజ్రత్ సులైమాన్ (అలైహిస్సలాం) గారి వజీరు అని పెద్దలు చెబుతారు. అదీ మంత్రి పేరే! దక్కన్‌ను స్వతంత్రంగా ఏలినా ఆసఫ్ జాహీలు 1857 వరకు నాణేలను మొగల్ చక్రవర్తుల పేరుతోనే ముద్రించారు.

‘రాజాధిరాజు’ అని పిలిపించుకునేవాని పేరు అల్లాహ్ దృష్టిలో అత్యంత హీనమైనదని మహాప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) హెచ్చరించారు. హక్కును చాటే బిరుదు వేరు, బాధ్యతను మోపే బిరుదు వేరు. నిజామ్ రెండో రకం. కాబట్టి ఆ పాలకులను కొలవవలసింది వారి సంపదతో కాదు, వారి బిరుదుతోనే.

1908లో మూసీ వరద వేలమందిని బలిగొన్నది. ఆ తర్వాత విశ్వేశ్వరయ్య గారి సలహాతో ఉస్మాన్ సాగర్ (1920), హిమాయత్ సాగర్ (1927) కట్టించారు. అది నిజామ్ పని. పల్లెల్లో వెట్టిచాకిరీ సాగుతుంటే, 1947-48లో రజాకార్లు దౌర్జన్యాలు చేస్తుంటే అడ్డుకోలేకపోయినప్పుడు ఆ బిరుదు ఉత్త పేరుగా మిగిలింది. 1948 సెప్టెంబరు సైనిక చర్య వేళ అందుకు మూల్యం చెల్లించింది ఎందరో అమాయక ముస్లిములు. మంచిని దాచి నిందించడం ఎంత అన్యాయమో, చెడును దాచి గర్వించడమూ అంతే అన్యాయం.

1998లో సైబర్ టవర్స్ ప్రారంభమయ్యాక ఆ రాళ్లగుట్టల మధ్య కొత్త నగరమే లేచింది. అక్కడ రాత్రింబవళ్లు వినిపించే మాట ‘సిస్టమ్’. ఉర్దూలో దాన్ని ఏమంటారో తెలుసా? నిజామ్! సిస్టమ్ చెడిపోకుండా చూసే మన అబ్బాయి, అమ్మాయి ఆ మాట అసలు అర్థానికి సింహాసనంకన్నా దగ్గరగా ఉన్నారు.

తల్లిదండ్రులకు మా మనవి ఒక్కటే. పిల్లలకు నిజాముల వజ్రాల కథలు చెప్పండి, తప్పులేదు. కానీ ఆ మాటకు అర్థం కూడా చెప్పండి. అప్పగించిన పనిని క్రమంగా, నిజాయితీగా చేసే ప్రతివాడూ తన చోట నిజామే. ఆ బిరుదు ఎవరో ఇచ్చేది కాదు, ఏ చట్టమూ రద్దు చేయగలిగేదీ కాదు.