ఫోన్ ఎత్తిన అవ్వదా తప్పు?

"ఆశపడింది కాబట్టే మోసపోయింది." "చదువు లేకపోతే ఇంతే." "ఓటీపీ చెప్పొద్దని ఎన్నిసార్లు చెప్పాలి?" ఫోన్ మోసంలో డబ్బు పోగొట్టుకున్నవారి గురించి ఆరాధన ముగిశాక మన మందిరాల గుమ్మాల దగ్గర వినిపించే మాటలివి. కొన్నిసార్లు ప్రసంగ వేదిక మీది నుంచే వినిపిస్తాయి. ధనాపేక్ష మీద ప్రసంగానికి మంచి ఉదాహరణ దొరికిందనుకుంటాడు బోధకుడు. మోసపోయిన తల్లి మాత్రం వెనక వరుసలో తల వంచుకొని కూర్చుంటుంది. వచ్చే వారం ఆమె రాదు.

ప్రియ సహోదరీ సహోదరులారా, ఈ మాటలు అబద్ధం. అంతకంటే ఎక్కువగా అవి వాక్యానికి విరుద్ధం. లేవీయకాండము 19వ అధ్యాయం 14వ వచనం తెరిచి చూడండి. చెవిటివానిని తిట్టకూడదు, గుడ్డివాని దారిలో అడ్డం వేయకూడదు అన్న ఆజ్ఞ అక్కడ ఉంది. చూసుకొని నడవమని ఆ వచనం గుడ్డివానికి జాగ్రత్తలు చెప్పదు. అడ్డం వేసే చేతిని ఆపుతుంది. మనం చేస్తున్నది దీనికి సరిగ్గా తలకిందులు. అడ్డం వేసినవాడిని వదిలేసి, తట్టుకొని పడినవాడికి బుద్ధి చెబుతున్నాం.

మా కామసముద్రం సంగతే తీసుకోండి. బంగారుపేట నుంచి జోలార్‌పేట వైపు వెళ్లే రైలు మార్గంలో ఉన్న ఊరు ఇది. ఒకవైపు కేజీఎఫ్, ఇంకోవైపు కుప్పం. ఇంట్లో తెలుగు, ఆఫీసులో కన్నడం, సంతలో ఈ రెండింటితోపాటు తమిళం. తెల్లవారకముందే పిల్లలు పని కోసం బెంగళూరు రైలెక్కుతారు. పగలంతా ఇంట్లో మిగిలేది ముసలివాళ్లు, వాళ్ల చేతిలో ఒక ఫోన్.

ఆ ఫోన్ ఎత్తకుండా ఉండే వీలు వాళ్లకు ఉందా? పెన్షన్ పడిందో లేదో ఫోన్‌లోనే తెలియాలి. గృహలక్ష్మి 2,000 రూపాయలు జమ అయినా మెసేజ్ అందులోనే రావాలి. ఆధార్‌కు ఫోన్ నంబర్, ఆధార్‌కు బ్యాంకు ఖాతా ముడిపడి ఉన్నాయి. గ్యాస్ సిలిండర్ తెచ్చిన అబ్బాయి గుమ్మంలో నిలబడి "అవ్వా, ఫోన్‌కు వచ్చిన నంబర్ చెప్పు" అంటాడు. అవ్వ చెబుతుంది, చెప్పక తప్పదు. అడిగినవాడికి నంబర్ చెప్పడం ఆమెకు నేర్పింది ఈ వ్యవస్థే. అదే నంబర్ ఒకరోజు దొంగ అడిగి తీసుకుంటే "ఎవరికీ చెప్పొద్దని తెలియదా?" అని అడిగేదీ ఈ వ్యవస్థే. ఇందులో న్యాయం ఎక్కడుంది?

ఇక ఆశ సంగతి. కేజీఎఫ్‌లో భారత్ గోల్డ్ మైన్స్ 2001 ఫిబ్రవరి 28న మూతబడింది. భూగర్భంలో ఊపిరితిత్తులు పాడుచేసుకున్న కార్మికులు, వాళ్ల విధవలు బకాయిల కోసం, నివసిస్తున్న క్వార్టర్ల హక్కు కోసం ఏళ్లకేళ్లు తిరిగారు. అలాంటి ఇంటికి ఫోన్ వచ్చి "మీకు రావలసిన డబ్బు మంజూరైంది" అని ఎవరైనా చెబితే నమ్మడం దురాశ అవుతుందా? రావలసిన కూలి కోసం ఎదురుచూడటం పాపమని ఏ వాక్యం చెబుతోంది? పనివాని కూలి బిగబట్టడం నేరమని మాత్రం యాకోబు పత్రిక 5వ అధ్యాయం స్పష్టంగా చెబుతోంది.

చదువు లేనివాళ్లే మోసపోతారన్నది మరో అబద్ధం. 2024లో వర్ధమాన్ గ్రూపు అధినేత, పద్మభూషణ్ ఎస్.పి. ఓస్వాల్ దగ్గర నేరగాళ్లు 7 కోట్ల రూపాయలు దోచుకున్నారు. సీబీఐ అధికారులమన్నారు, వీడియోలో ఏకంగా నకిలీ సుప్రీంకోర్టు విచారణే నడిపారు. "డిజిటల్ అరెస్ట్" అంటే ఇదే. మన చట్టాల్లో ఎక్కడా లేని అరెస్టు ఇది. 2024 అక్టోబర్ 27న ప్రధానమంత్రి తన రేడియో ప్రసంగంలో దీని గురించి హెచ్చరించారు. అయినా కేంద్రం పార్లమెంటుకు ఇచ్చిన లెక్కల ప్రకారం ఆ ఒక్క ఏడాదిలో సైబర్ మోసాల్లో దేశ ప్రజలు పోగొట్టుకున్నది 22,845 కోట్ల రూపాయలు. అంతకు ముందు ఏడాది 7,465 కోట్లు. ఏడాదిలో మూడింతలైంది. దేశ ప్రజల దురాశ ఒక్క ఏడాదిలో మూడింతలైందని చెబుతారా? పెరిగింది దోపిడీ యంత్రాంగం.

మరి ఈ యంత్రాంగాన్ని ఆపలేరా? ఆపగలరు. సాక్ష్యం ప్రభుత్వమే ఇచ్చింది. విదేశాల నుంచి చేస్తూ మన దేశపు నంబర్‌లా కనబడేలా మార్చిన కాల్స్‌ను అడ్డుకునే ఏర్పాటును టెలికాం శాఖ 2024 అక్టోబర్ 22న ప్రారంభించింది. మొదటి 24 గంటల్లోనే 1.35 కోట్ల కాల్స్ గుర్తించి ఆపేసినట్టు ప్రకటించింది. లక్షల ఇళ్లలో "జాగ్రత్త, జాగ్రత్త" అని ఏళ్ల తరబడి చెప్పినా జరగని పని, నెట్‌వర్క్ దగ్గర ఒక్క రోజులో జరిగింది. ఆ తర్వాత కొద్ది వారాలకే మనం ఎవరికి ఫోన్ చేసినా సైబర్ మోసాల హెచ్చరిక వినిపించే కాలర్ ట్యూన్ మొదలైంది. నెలల తరబడి మోగింది. హెచ్చరిక చెడ్డదని నేననను. కానీ హెచ్చరిక ఒక్కటే మిగిలితే భారమంతా వినేవాడి నెత్తినే పడుతుంది.

బ్యాంకుల నియమమూ అంతే. 2017 జూలై 6న రిజర్వు బ్యాంకు ఇచ్చిన ఆదేశం ప్రకారం ఖాతాదారుడు తన రహస్య వివరాలు చెప్పడం వల్ల నష్టం జరిగితే, బ్యాంకుకు ఫిర్యాదు చేసేదాకా పోయిన డబ్బంతా అతనిదే. దొంగ ఆ డబ్బును దించుకోవడానికి వాడిన ఖాతా కూడా ఏదో ఒక బ్యాంకు తెరిచి ఇచ్చిందే. ఆ బ్యాంకు మాటేమిటి? బ్రిటన్‌లో 2024 అక్టోబర్ 7 నుంచి ఇలాంటి మోసాల్లో పోయిన డబ్బును, కొన్ని మినహాయింపులతో, 85,000 పౌండ్ల వరకు బ్యాంకులే తిరిగి ఇవ్వాలి. పంపిన బ్యాంకు సగం, అందుకున్న బ్యాంకు సగం భరించాలి. సింగపూర్‌లో 2024 డిసెంబర్ నుంచి కొన్ని రకాల మోసాల్లో, తమ బాధ్యత నెరవేర్చని బ్యాంకులు, టెలికాం కంపెనీలు కూడా నష్టం భరించాలి. తన జేబు నుంచి పోతుందంటే ఏ సంస్థ అయినా కాపలా పెంచుతుంది. మన దేశంలో పోయేది అవ్వ కొంగుముడి నుంచి. అందుకే అంత నిదానం.

ఇంకో ప్రశ్న, యువతీ యువకులారా, ఇది మీకు. ఆ ఫోన్ చేస్తున్నది ఎవరు? అవతల ఉన్నది ఎప్పుడూ రాక్షసుడే అనుకోకండి. మయన్మార్‌లో కనీసం 1,20,000 మంది, కంబోడియాలో సుమారు 1,00,000 మంది నిర్బంధంలో ఆన్‌లైన్ మోసాలు చేస్తున్నారని ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కార్యాలయం 2023 ఆగస్టులో అంచనా వేసింది. వారిలో మన తెలుగు పిల్లలున్నారు. డేటా ఎంట్రీ ఉద్యోగమని ఏజెంట్లు కంబోడియాకు పంపిన యువకుల ఉదంతాన్ని 2024 మేలో విశాఖపట్నం పోలీసులు బయటపెట్టారు. 2025 మార్చిలో మయన్మార్ సరిహద్దు నుంచి రెండు రోజుల్లో 549 మంది భారతీయులను వాయుసేన విమానాల్లో తీసుకొచ్చారు. పాస్‌పోర్టు లాక్కొని, రోజుకు ఇంతమందిని మోసం చేయాలని లెక్క పెట్టి, చేయకపోతే కొట్టే చోట్లు అవి. ఇటు డబ్బు పోగొట్టుకున్న అవ్వ, అటు కొడుకును పోగొట్టుకున్న తల్లి. ఒకే ముఠా రెండు ఇళ్లనూ దోచింది. యోసేపును బానిసగా అమ్మిన అన్నలను మనం మరచిపోలేదు. ఈనాటి ఏజెంట్ల విషయంలో ఎందుకు మౌనంగా ఉన్నాం?

ఇక మన వేదికల సంగతి కూడా మాట్లాడాలి. తెలియని నంబర్ నుంచి ఒక స్వరం వచ్చి "ఈరోజే పంపండి, ఆలస్యం చేస్తే మీకే నష్టం, పంపితే నూరంతలు తిరిగి వస్తుంది" అంటే అది మోసమని గుర్తుపట్టమంటున్నాం. అదే మాట టీవీలో, యూట్యూబ్‌లో ప్రార్థన నంబరు పక్కన క్యూఆర్ కోడ్ పెట్టి దైవజనుడు చెబితే? విత్తన కానుక అంటున్నాం, ఆమేన్ అంటున్నాం. తొందరపెట్టడం, భయపెట్టడం, ఆశపెట్టడం, ఎవరితోనూ చర్చించనివ్వకపోవడం: దొంగ వాడే ఉపాయాలు ఇవే. ఈ నాలుగింటికీ లోబడటమే విశ్వాసమని నేర్పే బోధ, మన మందలోని గొర్రెలను పరాయి స్వరానికి అలవాటు చేస్తోంది. యోహాను సువార్త 10వ అధ్యాయం బోధించే మనం దీనికి సమాధానం చెప్పాలి.

మంచి సమరయుని కథ మనందరికీ కంఠస్థమే. యెరికో దారిలో దొంగల చేతికి చిక్కినవాడిని ఆ సమరయుడు "ఒంటరిగా ఎందుకు వచ్చావు?" అని అడగలేదు. గాయాలు కట్టాడు, సత్రానికి చేర్చాడు, ఖర్చు భరించాడు. మన సంఘాలు చేయవలసిన పనీ ఇదే. గాయం కట్టడంతో ఆగకూడదు, ఆ దారిని బాగుచేయించే పని కూడా మనదే.

మొదట, మోసం జరిగిన గంటలోనే 1930కి ఫోన్ చేయాలి. సొంత బ్యాంకుకూ వెంటనే చెప్పాలి. డబ్బు ఒక ఖాతా నుంచి ఇంకో ఖాతాకు నిమిషాల్లో పారిపోతుంది. త్వరగా చెబితే మధ్యలో ఆపే అవకాశం ఉంటుంది. సిగ్గు ఈ మొదటి గంటను మింగేస్తుంది. అందుకే మోసపోయినవారిని తిట్టే ప్రతి నోరూ దొంగకు సాయం చేస్తున్నట్టే. భాష రాక ఆగిపోయేవారి పక్కన మనలో ఒకరు కూర్చొని మాట్లాడాలి, సైబర్ నేరాలు చూసే సెన్ పోలీసు స్టేషన్‌కు వెంట వెళ్లాలి.

రెండవది, డబ్బు పోకముందే చేసే పని. ప్రతి ఆదివారం ఆరాధన తర్వాత అరగంట యవనస్తులు ఒక బల్ల వేసుకొని కూర్చోండి. పెద్దల ఫోన్లలో 1909 ద్వారా డీఎన్‌డీ పెట్టండి. యూపీఐ పరిమితి తగ్గించండి. అనుమానపు కాల్ వస్తే సంచార్ సాథీలోని చక్షులో ఫిర్యాదు చేయండి. వారి పేరు మీద వారికి తెలియని సిమ్‌లు ఉన్నాయేమో అక్కడే చూడండి. 140తో మొదలయ్యే నంబర్ అమ్మకాలదని, పోలీసులు వీడియో కాల్‌లో ఎవరినీ అరెస్టు చేయరని వాళ్ల భాషలో, వాళ్ల వేగంలో చెప్పండి. రెండు నిమిషాల్లో ఫోన్ కట్ అవుతుందనో, కేసు పడుతుందనో ఎవరన్నా బెదిరిస్తే "నా మనవడితో మాట్లాడి చెబుతాను" అని పెట్టేయడం నేర్పండి.

మూడవది, విదేశీ ఉద్యోగం వచ్చిందన్న పిల్లవాడి కోసం ప్రార్థన చేసే ముందు ఆ ఏజెంటు ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో నమోదయ్యాడో లేదో సంఘ పెద్దలు చూడాలి. చూశాకే అభిషేక తైలం తీయండి.

నాలుగవది, అడగాలి. బ్రిటన్‌లో బ్యాంకులు భరించే నష్టం ఇక్కడ బ్యాంకులు ఎందుకు భరించవు? దొంగ సొమ్ము దిగే ఖాతాలు తెరిచినవారి మీద చర్య ఏది? మన భాష రాని యంత్రపు గొంతుకే సమాధానం చెప్పమని ముసలివాళ్లను నిలబెట్టేదెవరు? ఎమ్మెల్యేను, ఎంపీని, బ్యాంకు మేనేజరును సంఘంగా వెళ్లి అడుగుదాం. రాతపూర్వకంగా అడుగుదాం. వచ్చే ఎన్నికల్లో రికార్డు చేసిన గొంతుతో ఓటు కోసం మన ఫోన్లు మోగించే నాయకులను కూడా ఇదే అడుగుదాం.

వెనక వరుసలో తల వంచుకొని కూర్చున్న ఆ తల్లి దగ్గరికి ఈ ఆదివారం ఎవరైనా వెళ్లండి. "నీ తప్పు లేదమ్మా" అని చెప్పండి. తర్వాత ఆమె ఫిర్యాదు కాగితం తీసుకొని, తప్పు ఎవరిదో వాళ్ల దగ్గరికి కలిసి నడవండి.