ఊహకు చోటివ్వని పదహారు గళ్లు

పోటీ పరీక్షల పుణ్యమా అని మన పిల్లలకు లెక్కలతో పాటు మరో విద్య కూడా అబ్బింది. జవాబు తెలియకపోయినా ఏదో ఒకటి ఎంచుకుని ముందుకు సాగడం. ఎంసెట్ రోజుల నుంచీ తప్పు జవాబుకు మార్కులు కోసే పద్ధతి లేదు. కళ్లు మూసుకుని 160 బిట్లకూ గుర్తులు పెట్టుకుంటూ పోయినా, ఒక్కో బిట్‌కు నాలుగు జవాబులే కాబట్టి సగటున 40 మార్కులు రావాలి. పరీక్ష హాల్లో అది తెలివైన పనే. చిక్కల్లా ఆ తెలివి అలవాటుగా మారి ఇంటికి వచ్చినప్పుడే. ఆ అలవాటు ఎంత ముదిరిందో చూడాలంటే ఒక పెన్సిలూ, పదహారు గళ్లూ చాలు.

జపాన్‌లోని యొకొహామాలో లెక్కలు చెప్పే తెత్సుయా మియమోతో 2004లో తన విద్యార్థుల కోసం ‘కెన్‌కెన్’ అనే ప్రహేళికను తయారుచేశారు. మాస్టారు విప్పి చెప్పకుండా పిల్లలు తమంతట తామే నేర్చుకోవాలన్నది ఆయన సిద్ధాంతం. 2008లో లండన్‌లోని ‘ద టైమ్స్’, 2009లో ‘న్యూయార్క్ టైమ్స్’ దీన్ని ప్రచురించడం మొదలుపెట్టాయి. చూడటానికి సుడోకుకు దాయాదిలా ఉంటుంది. కానీ సుడోకులో అంకెల బదులు పూలూ పళ్లూ పెట్టినా ఆట ఆగదు. ఇక్కడ మాత్రం ఎక్కాలు రాకపోతే అడుగు పడదు.

కాగితం మీద నాలుగు అడ్డువరుసలు, నాలుగు నిలువువరుసలు గీయండి. గళ్లకు పేర్లు కావాలి గనక మన వర్ణమాలనే వాడుకుందాం. మొదటి అడ్డువరుస క, ఖ, గ, ఘ. రెండోది చ, ఛ, జ, ఝ. మూడోది ట, ఠ, డ, ఢ. నాలుగోది త, థ, ద, ధ. ప్రతి గడిలో 1 నుంచి 4 వరకు ఒక అంకె వేయాలి. ఏ అడ్డువరుసలో గానీ, నిలువువరుసలో గానీ ఒక అంకె రెండుసార్లు రాకూడదు. ఈ ఒక్క నిబంధనే ఉంటే 576 రకాలుగా నింపవచ్చు. కింది ఏడు ఆధారాలు కలిస్తే మిగిలేది ఒకటే.

క, చ గుణిస్తే 6. ఖ, ఛ ల తేడా 3. గ, ఘ కూడితే 7. జ, డ ల తేడా 1. ట, ఠ కూడితే 4. త, థ, ద గుణిస్తే 24. ఝ, ఢ, ధ కూడితే 7.

మొదటి అడుగు: 6 రావాలంటే 2, 3 గుణించాలి. 1, 6 కుదరవు, ఎందుకంటే మన దగ్గర 6 లేదు. కాబట్టి క, చ ల్లో 2, 3 ఉన్నాయి. ఏది ఎక్కడో ఇంకా తెలియదు. రెండూ గడి మూలన చిన్నగా రాసి వదిలేయండి.

రెండో అడుగు: 7 కావాలంటే 3, 4 కూడాలి. అవి గ, ఘ ల్లోకి పోతే పై వరుసలో క, ఖ లకు మిగిలేవి 1, 2. క లో 1 ఉండదని ముందే తేలింది. అందుకే క 2, ఖ 1. దాంతో చ 3. ఖ తో తేడా 3 ఉండాలి కాబట్టి ఛ 4.

మూడో అడుగు: మొదటి నిలువువరుసలో ట, త లకు మిగిలినవి 1, 4. ట 4 అయితే ఠ సున్నా కావాలి, అది చెల్లదు. కాబట్టి ట 1, ఠ 3, త 4. రెండో నిలువువరుసలో మిగిలిన 2 థ కు వస్తుంది.

నాలుగో అడుగు: 4, 2 గుణిస్తే 8. 24 కావాలంటే ద 3. ఆ వరుసలో మిగిలిన 1 ధ కు పోతుంది. ద లో 3 ఉంది గనక దాని నిలువువరుసలోనే ఉన్న గ లో 3 ఉండదు. గ 4, ఘ 3.

చివరి అడుగు: రెండో అడ్డువరుసలో జ, ఝ లకు మిగిలినవి 1, 2. ధ 1 కాబట్టి ఝ 2, జ 1. ఇక మూడో వరుసలో డ 2, ఢ 4. ఇంతవరకు ముట్టుకోని రెండు ఆధారాలతో సరిచూడండి. జ, డ ల తేడా 1. ఝ, ఢ, ధ కూడితే 7. లెక్క సరిపోయింది.

ఇప్పుడు తొందరపడేవారి సంగతి చూద్దాం. రెండో అడుగులో గ, ఘ ల్లో 3, 4 ఉన్నాయని తెలియగానే, ఏదైతేనేం అని గ లో 3 వేసేశారనుకోండి. వెంటనే ఏమీ కాదు. ట, ఠ, త, థ అన్నీ చక్కగా నిండుతాయి. ద దగ్గరకు వచ్చేసరికి 3 తప్ప మరొకటి పనికిరాదు, ఆ నిలువువరుసలో మాత్రం 3 అప్పటికే కూర్చుని ఉంది. తప్పు బయటపడింది ద లో, చేసింది గ లో. మధ్యలో నింపినవన్నీ సరైనవే అయినా ఇప్పుడు అన్నింటినీ అనుమానించాలి. బిట్ పేపర్లో ఊహ ఒక్క ప్రశ్నతో పోతుంది. ఇక్కడ తర్వాతి అడుగులన్నీ దాని మీదే నిలబడతాయి. ఇంటి బడ్జెట్టయినా, రోగ నిర్ధారణయినా, వంతెన డిజైనయినా ఈ గళ్ల లాంటివే తప్ప బిట్ పేపర్ లాంటివి కావు.

దీన్ని ఎన్ని నిమిషాల్లో పూర్తిచేశావని పిల్లల్ని అడగకండి. మధ్యలో ఏదో ఒక గడి చూపించి, ఇక్కడ ఈ అంకే ఎందుకు వేశావని అడగండి. ‘వేరేది కుదరదు, ఎందుకంటే...’ అని మొదలుపెడితే మీవాడికి లెక్కలు వస్తున్నట్టే. ‘వేసి చూశా, సరిపోయింది’ అంటే మాత్రం ఓసారి రబ్బరు చూడండి. అది ఎంత అరిగిందో దాన్నిబట్టి మిగతాది మీకే తెలుస్తుంది.