ఫ్రీ అంటే స్వేచ్ఛా?

మన నోటీసులో 'ఫ్రీ తెలుగు క్లాసులు' కాస్తా 'స్వేచ్ఛా తెలుగు తరగతులు' అయింది. సెల్‌ఫోన్ చేసిన అనువాదమట! అది చూసి ఒకమ్మ "ఫీజెంత సార్?" అని నన్నడిగింది.

ఇంగ్లీషు ఫ్రీకి డబ్బు అక్కరలేదు, అడ్డు లేదు, ఖాళీ అని మూడర్థాలు. స్పానిష్‌లో మొదటిదానికి గ్రాటిస్, రెండోదానికి లిబ్రే. మనకు 'ఉచితం' లేదా? తమిళ మీడియంలో చదివిన రైల్వే గుమాస్తాను, నాకే తెలిసిందే!

బడుల్లో తమిళం తప్పనిసరి చేసిన 2006 చట్టంతో హోసూరు, కృష్ణగిరి పిల్లలకు తెలుగు దూరమైందని సర్కారుకు మొరపెట్టుకుంటాం. మన నోటీసు మనమే చదవమా? ఇకపై అచ్చుకు ముందు ఇద్దరు చదవాలి.

ఉచితమంటే తగినదనీ అర్థం. ఉచితంగా దొరికిన ఆ అనువాదం ఉచితం కాదు.