ఫోను విప్పే విద్య ఎవరి కోసం?

డిజిటల్ ఫోరెన్సిక్స్‌లో శిక్షణ ఇచ్చే కేంద్రాలు పెట్టడానికి విశ్వవిద్యాలయాలు ఇప్పుడు పోటీ పడుతున్నాయి. కారణం లేకపోలేదు. 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత ప్రకారం, ఏడేళ్లూ ఆపైన శిక్ష పడే నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణులు నేరస్థలానికి వెళ్లి తీరాలి. అందుకు సిద్ధపడడానికి రాష్ట్రాలకు అయిదేళ్ల గడువిచ్చారు. అంతమంది నిపుణులు కావాలి గనక కోర్సులు, కంప్యూటర్ గదులు, పోలీసు శాఖలతో ఒప్పందాలు వస్తున్నాయి. ఇవన్నీ ఎందుకని అడిగితే వినిపించే జవాబుల్లో "మహిళా భద్రత" ఒకటి. మన పేరు చెప్పి పెడుతున్న కేంద్రాలు కాబట్టి అడిగే హక్కు మనకుంది: అక్కడ ఏం నేర్పుతున్నారు? ఎవరికి నేర్పుతున్నారు? ఆ నేర్చినవాళ్లు ఎవరికి జవాబుదారీ?

ఈ విద్య వద్దని మనం అనడం లేదు. విడాకులు తీసుకున్న ఒక స్త్రీ పేరుతో యాహూ గ్రూపులో అసభ్యమైన సందేశాలు పెట్టిన వ్యక్తికి 2004 నవంబరులో చెన్నై కోర్టు శిక్ష వేసింది. ఫిర్యాదు నుంచి తీర్పు దాకా ఏడాది కూడా పట్టలేదు. ఆ సందేశాలు ఎక్కడి నుంచి వెళ్లాయో సాంకేతికంగా నిరూపించగలిగారు కాబట్టే అది సాధ్యమైంది. ఫోనులో బెదిరింపులు, దొంగచాటుగా తీసిన ఫొటోలు, పెళ్లికి ఒప్పుకోకపోతే వీడియో బయట పెడతాననే బ్లాక్‌మెయిలు: వీటన్నిటిలో "ఆమె అబద్ధం చెబుతోంది" అన్న పాత వాదనను పడగొట్టగలిగేది ఈ సాక్ష్యమే. ఆ సాక్ష్యాన్ని వెలికితీసే చేతులు ఎవరివన్నదే మన వివాదం.

శరీరం నుంచి ఫోనుకు

సాక్ష్యం పేరుతో స్త్రీని పరీక్షించడం మనకు కొత్త కాదు. 1978లో హైదరాబాదులో రమీజాబీ మీద పోలీసులే అత్యాచారం చేసి, ఆమె భర్తను కొట్టి చంపిన కేసులో, విచారణ కమిషన్ ముందు పోలీసుల తరఫు వాళ్లు చేసిందేమిటి? ఆమె వేశ్య అని నిరూపించబోయారు. జస్టిస్ ముక్తదర్ కమిషన్ పోలీసులను దోషులుగా తేల్చింది. అయినా కేసు రాయచూరు కోర్టుకు వెళ్లి, 1981లో వాళ్లు నిర్దోషులుగా బయటికొచ్చారు. అత్యాచార బాధితుల మీద చేసే "రెండు వేళ్ల పరీక్ష" ఆమె హక్కులను ఉల్లంఘిస్తుందని సుప్రీంకోర్టు చెప్పింది 2013లో. 2022 అక్టోబరులో మళ్లీ చెప్పవలసి వచ్చింది. అలాంటి పరీక్ష చేసే డాక్టర్ల మీద చర్య తీసుకోవాలనీ, వైద్య విద్య సిలబస్‌ను సవరించాలనీ ఆ రెండోసారి ఆదేశించింది. అంటే ఇన్నేళ్లూ ఆ హింస ఎక్కడ తయారైంది? వైద్య కళాశాల తరగతి గదిలో.

ఇప్పుడు ఆ పరీక్ష బల్ల మీదికి ఫోను వచ్చింది. నిందితుడు పంపిన పది సందేశాల కోసం ఆమె ఫోను తీసుకుంటారు. దాని మొత్తాన్నీ నకలు తీస్తారు. ఆ నకలులో పది సందేశాలే ఉండవు. స్నేహితులతో మాటలు, చెరిపేసిన ఫొటోలు, నెలసరి లెక్కలు, డాక్టరు చీటీలు, ఏ రాత్రి ఎక్కడుందో చెప్పే వివరాలు, పాత ప్రేమలు కూడా ఉంటాయి. "ఆమె నడత ఎలాంటిది?" అని ఒకప్పుడు క్రాస్ ఎగ్జామినేషన్‌లో అడిగిన ప్రశ్నకు జవాబు వెతకడానికి ఇంతకన్నా అనువైన వస్తువు ఉందా? ఈ పనికి ప్రపంచమంతా వాడే ఉచిత సాఫ్ట్‌వేర్ ఒకదాని పేరు "ఆటాప్సీ". అంటే శవపరీక్ష. కోస్తున్నది బతికున్న మనిషి జీవితాన్ని అన్న స్పృహ లేకుండా ఆ సాఫ్ట్‌వేర్ నేర్పితే, మరో రెండు వేళ్ల పరీక్షకు మనుషులను తయారు చేస్తున్నట్టే.

ఇది ఊహ కాదు. 2017 ఫిబ్రవరిలో కొచ్చిలో ఒక నటిని కారులో అపహరించి, అత్యాచారం చేసి, దాన్ని వీడియో తీశారు. ఆ మెమొరీ కార్డు నకలు తనకివ్వాలని నిందితుడొకరు సుప్రీంకోర్టు దాకా వెళ్లాడు. చూసుకోనివ్వవచ్చు గాని నకలు ఇవ్వకూడదని 2019లో కోర్టు చెప్పింది. మంచి తీర్పు. కాని ఆ కార్డు కోర్టు భద్రతలో ఉండగానే ఎవరో దాన్ని తెరిచారు! దాని హ్యాష్ విలువ మారిపోయినట్టు ప్రయోగశాల పసిగట్టింది. దీని మీద విచారణ జరపాలని 2023 డిసెంబరులో కేరళ హైకోర్టు ఆదేశించింది. హ్యాష్ విలువ అంటే ఫైలులోని సమాచారమంతటికీ లెక్కగట్టి తీసే ఒక సంఖ్య. ఒక్క అక్షరం మారినా ఆ సంఖ్య మారిపోతుంది. దాన్ని లెక్కగట్టడం ఏ విద్యార్థికైనా ఒక పూటలో వస్తుంది. ఆ కార్డు తెరిచిన ప్రతిసారీ ఆ స్త్రీ మీద మరోసారి దాడి జరిగినట్టేనని నేర్పడానికి ఎన్ని పూటలు కేటాయించారు?

మెదక్ నుంచి చూస్తే

హైదరాబాదులో రామంతపూర్‌లో కేంద్ర ఫోరెన్సిక్ ప్రయోగశాల, డిటెక్టివ్ శిక్షణ సంస్థ ఉన్నాయి. రెడ్‌హిల్స్‌లో రాష్ట్ర ప్రయోగశాల ఉంది. దాదాపు వంద కిలోమీటర్ల దూరంలోని మెదక్ పట్టణంలో ఒక బీడీ కార్మికురాలికో, బట్టల కొట్లో పనిచేసే అమ్మాయికో భర్త వాట్సాప్‌లో చంపుతానని సందేశాలు పెట్టాడనుకుందాం. వాటి ప్రింటు తీసి కోర్టులో ఇస్తే చాలదు. భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ ప్రకారం సర్టిఫికెట్ కావాలి. పాత చట్టంలోని 65-బి సర్టిఫికెట్‌కు ఒక సంతకం సరిపోయేది. ఇప్పుడు రెండు భాగాలు. మొదటిది ఆమె నింపవచ్చు. రెండో భాగంలో "నిపుణుడు" సంతకం పెట్టాలి. హ్యాష్ విలువ కూడా రాయాలి. ఆ నిపుణుడెవరో ఆ సెక్షన్ వివరించదు. మెదక్‌లో ఆమె ఎవరిని వెతుక్కోవాలి? ఎంత ఫీజు ఇవ్వాలి?

అసలు ఫోనునే కోర్టు ముందు పెడితే సర్టిఫికెట్ అక్కర్లేదంటారు లాయర్లు. నిజమే. కాని కేసు నడిచినన్నాళ్లూ ఆమె ఫోను లేకుండా బతకాలి. కూలికి పిలుపు వచ్చేది దానికే, పిల్లల బడి కబురు వచ్చేది దానికే, బ్యాంకు ఓటీపీ వచ్చేది దానికే. చట్టం సాక్ష్యాన్ని పటిష్ఠం చేశానంటోంది. ఆ భారం మోసేది డబ్బూ పలుకుబడీ లేని స్త్రీ. మరోవైపు, భార్యతో మాటలను భర్త రహస్యంగా రికార్డు చేసినా వైవాహిక వివాదాల్లో సాక్ష్యంగా తీసుకోవచ్చని 2025 జూలైలో సుప్రీంకోర్టు అన్నది. ఇంట్లో ఎవరి చేతిలో మంచి ఫోను ఉంటుందో, ఎవరి ఫోను పాస్‌వర్డ్ ఎవరికి తెలుసో మనకు తెలియనిది కాదు.

ఇదే మెదక్ పట్టణం మరో పాఠం కూడా చెప్పింది. 2023 జనవరి చివర్లో గొలుసు దొంగతనం కేసులో, సీసీ కెమెరాలో కనబడిన మనిషిలా ఉన్నాడని ఒక దినసరి కూలీని, ముస్లిమును, పోలీసులు హైదరాబాదు నుంచి పట్టుకొచ్చారు. ఫిబ్రవరిలో అతను గాంధీ ఆసుపత్రిలో చనిపోయాడు. పోలీసులు తనను ఎలా కొట్టారో ఆసుపత్రి మంచం మీద నుంచే చెప్పాడు. పోలీసులను సస్పెండ్ చేశారు, హైకోర్టు తనంత తానుగా కేసు చేపట్టింది. న్యాయం కోసం తిరగడం మాత్రం భార్యకు మిగిలింది. "అలా ఉన్నాడు" అన్నది సాక్ష్యమా? ఒక దృశ్యంలో ఎంత స్పష్టత ఉంటే మనిషిని గుర్తుపట్టవచ్చు, ఎక్కడ "చెప్పలేం" అనాలి అన్నది ఫోరెన్సిక్ విద్యలో మొదటి అధ్యాయం కావాలి. "చెప్పలేం" అనగలిగే నిపుణుడు లేనిచోట లాఠీ మాట్లాడుతుంది.

పోలీసు శాఖకు అనుబంధమా?

"యంత్రానికి ఆడా మగా తేడా ఏముంది? మేం నేర్పేది టెక్నాలజీ మాత్రమే" అంటారు కొందరు ఆచార్యులు. భీమా కోరేగావ్ కేసులో అరెస్టయిన రోనా విల్సన్ లాప్‌టాప్‌లోకి దొంగచాటుగా ఫైళ్లు చొప్పించారని 2021లో బయటపెట్టింది ఎవరు? ప్రాసిక్యూషన్‌తో సంబంధం లేని ఒక అమెరికన్ ఫోరెన్సిక్ సంస్థ. అదే కేసులో సుధా భరద్వాజ్, షోమా సేన్ ఏళ్లకు ఏళ్లు జైల్లో ఉన్నారు. అలాంటి స్వతంత్ర పరీక్ష చేయగల చోటు ఈ దేశంలోనే విశ్వవిద్యాలయం కాకపోతే ఇంకేది? నిధులిచ్చేదీ, విద్యార్థులను పంపేదీ, ఉద్యోగాలిచ్చేదీ ఒకే శాఖ అయితే, ఆ కేంద్రం శాఖ చెప్పినదానికి సంతకం పెట్టే గదిగా మిగిలిపోతుంది.

"జిల్లా అమ్మాయిలకు ఇది కష్టం" అన్నది మరో మాట. ఒకప్పటి మెదక్ జిల్లాలోనే, జహీరాబాద్ దగ్గర పస్తాపూర్ దళిత మహిళా రైతులు కెమెరా పట్టి సినిమాలు తీశారు. 2008లో మాచనూరులో సంగం రేడియో పెట్టారు. వాళ్లలో చాలామందికి బడి ముఖం తెలియదు. యంత్రం చేతికందితే చాలు, దాన్ని ఎలా వాడాలో వాళ్లే తేల్చుకున్నారు. డిగ్రీ చదివిన అమ్మాయికి హ్యాష్ విలువ అర్థం కాదనడం అజ్ఞానం, లేదా కులాహంకారం.

మనం ఏం అడగాలి?

ఫోరెన్సిక్ కేంద్రం నడిపే ప్రతి విశ్వవిద్యాలయాన్నీ మనం అడగవలసినవి ఇవి. ఫిర్యాదు చేసిన స్త్రీ ఫోనులో కేసుకు అవసరమైనంత వరకే తీయడం, ఏం తీశారో ఆమెకు రాతపూర్వకంగా చెప్పడం, నకలు తీసి ఫోను వెంటనే తిరిగివ్వడం సిలబస్‌లో ఐచ్ఛికాంశాలుగా కాక పరీక్ష పాసవడానికి షరతులుగా ఉండాలి. ఎవరు ఎప్పుడు తెరిచారో నమోదయ్యే పద్ధతి లేకుండా లైంగిక హింస దృశ్యాలున్న ఏ ఫైలునూ శిక్షణలో గాని, పరీక్షలో గాని ముట్టుకోకూడదు. కేంద్రం పాలకవర్గంలో మహిళా సంఘాలకు, న్యాయ సహాయ లాయర్లకు చోటుండాలి. నిందితుల తరఫున కూడా పరీక్షలు చేసే స్వేచ్ఛ ఉండాలి. మెదక్ వంటి పట్టణాల డిగ్రీ కాలేజీల నుంచి దళిత, బహుజన, ముస్లిం అమ్మాయిలకు స్టైపెండ్‌తో సీట్లివ్వాలి. ప్రతి జిల్లా సఖి కేంద్రంలో, వారంలో ఒక రోజైనా, 63వ సెక్షన్ సర్టిఫికెట్ ఉచితంగా ఇచ్చే నిపుణురాలు కూర్చోవాలి.

మన సంఘాలకూ పని ఉంది. ఫిర్యాదుకు వెళ్లే ముందు సందేశాలు చెరపవద్దనీ, ఫోను ఇచ్చేటప్పుడు జప్తు పత్రం నకలు అడిగి తీసుకోవాలనీ, అందులో ఫోను నెంబరూ, హ్యాష్ విలువా రాయించుకోవాలనీ ప్రతి కార్యకర్తా చెప్పగలగాలి. సోదా, జప్తులను వీడియో తీయాలని కొత్త సంహిత 105వ సెక్షన్ చెబుతోంది. ఆ వీడియో ఎక్కడుందని అడగడం మన వంతు.

వైద్య కళాశాలల్లో ఏం నేర్పుతున్నారో మనం ఆలస్యంగా అడిగాం. ఆ ఆలస్యానికి ఎందరో స్త్రీలు తమ శరీరాలతో మూల్యం చెల్లించారు. ఫోరెన్సిక్ కేంద్రాల సిలబస్‌లు ఇప్పుడే రాస్తున్నారు. ఈసారి రాస్తున్నప్పుడే వెళ్లి అడుగుదాం.